షేర్‌పాయింట్ పని, సొంతూరి ఉద్యోగం: మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాను. అందరూ ఇంచుమించు ఒకే పనిలో ఉన్నవాళ్లు. ఆఫీసులో పదిమంది కలిసి వాడే సాఫ్ట్‌వేర్, అంటే ఫైళ్లు, లిస్టులు దాచే షేర్‌పాయింట్, మాటలు, మీటింగులు నడిచే టీమ్స్, స్లాక్, పనుల్ని వాటంతటవే నడిపించే పవర్ ఆటోమేట్ లాంటివి ఉంటాయి కదా, వాటి మీద ఫారాలు, అప్రూవల్స్, చిన్న యాప్‌లు కట్టేవాళ్లు. కొన్ని ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

అన్నా, ఎనిమిదేళ్లుగా షేర్‌పాయింట్ డెవలపర్‌ని. కంపెనీ హైదరాబాద్‌లో, నేను కావలిలో ఇంటి నుంచి చేస్తున్నా. నాకు బాగా వచ్చింది షేర్‌పాయింట్ 2013 వర్క్‌ఫ్లోలు (ఫైలు ఎవరి తర్వాత ఎవరికి వెళ్లాలో నడిపేవి), ఇన్ఫోపాత్ (మైక్రోసాఫ్ట్ పాత ఫారాల సాఫ్ట్‌వేర్) ఫారాలు. ఇప్పుడు అవన్నీ ఎత్తేస్తున్నారు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. ఈ వయసులో మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలంటే ఎట్టన్నా? (కావలి)

ముందు తేదీలు చూద్దాం, సగం టెన్షన్ అవి సరిగా తెలియకపోవడం వల్లే వస్తుంది. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో 2010 వర్క్‌ఫ్లోలు 2020 నవంబరులోనే పోయాయి. 2013 వర్క్‌ఫ్లోలకీ, పాత యాడ్-ఇన్‌లకీ (షేర్‌పాయింట్‌కి తగిలించే చిన్న యాప్‌లు) మైక్రోసాఫ్ట్ పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 2. ఇన్ఫోపాత్‌కి 2026 జులై 14. కంపెనీల సొంత సర్వర్లలో నడిచే షేర్‌పాయింట్ 2016, 2019లకి కూడా అదే రోజుతో సపోర్టు ఆఖరు. ఇవేవీ గాలివార్తలు కావు, చాలా ముందే చెప్పినవి.

ఇప్పుడు మీ సంగతి. పాతవి ఎత్తేస్తుంటే మీ చదువు దండగైందనుకుంటున్నారు, కానీ వాటిని మార్చిపెట్టాల్సింది ఎవరు? ఏళ్ల తరబడి నడిచిన వర్క్‌ఫ్లో లోపల ఏం జరుగుతుందో చాలా ఆఫీసుల్లో ఒక్కరికీ తెలియదు. రాసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, కాగితం మీద ఏమీ లేదు. రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) బాగా వచ్చిన కుర్రాడిని కూర్చోబెడితే ఆ పాత వర్క్‌ఫ్లో తెరిచి చదవడమే అతని వల్ల కాదు. మీరు చదవగలరు. రెండు వైపులా చూడగలిగిన మనిషికి ఇప్పుడు పనికి కొదవ లేదు, ఆ మాట మీ మేనేజరుతో మీరే ముందు అనండి. అతను వచ్చి అడుగుతాడని కూర్చోకండి.

మొదలుపెట్టే పద్ధతి చెబుతాను. మైక్రోసాఫ్ట్ 365 అసెస్‌మెంట్ టూల్ అని ఉచితంగా దొరుకుతుంది, ఎక్కడెక్కడ పాత వర్క్‌ఫ్లోలు, యాడ్-ఇన్‌లు, ఇన్ఫోపాత్ ఫారాలు ఉన్నాయో జల్లెడ పట్టి ఇస్తుంది. ఆ పట్టిక పట్టుకుని, ఒక్కొక్కటి వాడే మనిషికి ఫోన్ చేయండి. మెయిల్ కాదు, ఫోనే. "ఇది ఆగిపోతే మీకు ఏ పని ఆగుతుంది?" అని అడగండి. కొన్నింటికి "అదింకా ఉందా?" అనే జవాబొస్తుంది, వాటిని మార్చే పనే లేదు, మూసేయడమే.

మిగిలినవాటిని మాత్రం అడుగు తర్వాత అడుగు పాతదాన్ని చూసి కొత్తదాంట్లోకి దించేయకండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ఉదాహరణకి కొనుగోలు అప్రూవల్ ఒకటి ఉందనుకోండి. పాత వర్క్‌ఫ్లోలో ఫైలు నెలన్నర సంతకం కోసం ఆగినా ఏం కాదు, అది అలాగే కాచుకుని ఉంటుంది. పవర్ ఆటోమేట్‌లో ఒక ఫ్లో (అక్కడ వర్క్‌ఫ్లోకి అదే పేరు) ఒకసారి మొదలైతే 30 రోజులకి మించి నడవదు. 31వ రోజు పెద్దాయన ఊరినుంచి వచ్చి అప్రూవ్ నొక్కితే అవతల వినేవాళ్లెవరూ ఉండరు. టెస్టింగులో ఇది బయటపడదు, ఎందుకంటే టెస్టింగులో మనమే అడిగి మనమే రెండు నిమిషాల్లో అప్రూవ్ చేసుకుంటాం. అందుకని ఎక్కువ రోజులు పట్టే పనికి "ఎక్కడిదాకా వచ్చింది" అనే వివరాన్ని లిస్టులోనే ఒక కాలమ్‌లో ఉంచండి, రోజూ పొద్దున ఒక షెడ్యూల్డ్ ఫ్లో లేచి ఆ కాలమ్ చూసి ఎవరికి గుర్తుచేయాలో వాళ్లకి గుర్తుచేసేలా కట్టండి. సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉంటే ఎవరు పెట్టాలన్నది కూడా అప్పుడే అడిగి రాసుకోండి.

చదువు విషయానికొస్తే, ఇప్పటి షేర్‌పాయింట్ డెవలప్‌మెంట్ అంతా 2017లో వచ్చిన షేర్‌పాయింట్ ఫ్రేమ్‌వర్క్ మీదే. దానికి టైప్‌స్క్రిప్ట్ అనే భాష కావాలి, రియాక్ట్ కొంత కావాలి, మైక్రోసాఫ్ట్ 365లోని డేటాని కోడ్‌తో అడిగే దారి, అంటే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ కావాలి. నలభై గంటల రియాక్ట్ కోర్సు కొని మొదటి నుంచి చివరిదాకా చూడాలని మాత్రం అనుకోకండి, పిల్లలున్న ఇంట్లో అది పూర్తి కాదు. మీ కంపెనీలోనే ఒక చిన్న పాత వెబ్ పార్ట్ (షేర్‌పాయింట్ పేజీలో పెట్టే ముక్క) తీసుకుని దాన్ని కొత్తగా రాయండి, అడ్డొచ్చినంత మేరకే రియాక్ట్ చదవండి. ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజే ఎర్ర అక్షరాలు వస్తే గాబరా వద్దు, చాలాసార్లు అది నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ తేడా. మీ ఫ్రేమ్‌వర్క్ వెర్షన్‌కి ఏ నోడ్ సరిపోతుందో మైక్రోసాఫ్ట్ పట్టిక వేసి పెట్టింది, ముందు అది చూసి దించుకోండి.

సార్, నేను బీటెక్ ఆఖరి సంవత్సరం. మా సీనియర్ అక్క టీమ్స్ యాప్‌లు చేస్తుంది, నాకూ ఆ పని నచ్చింది. కానీ ప్రాక్టీసు చేయడానికి మైక్రోసాఫ్ట్ 365 అకౌంటు ఎక్కడ దొరుకుతుంది? ఉచిత డెవలపర్ అకౌంటు అడిగితే అర్హత లేదని వస్తోంది. (నెల్లూరు, పొదలకూరు రోడ్డు)

నీ తప్పేం లేదమ్మా. ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ 25 మంది యూజర్లతో ఉచిత శాండ్‌బాక్స్ (ప్రాక్టీసు అకౌంటు) ఇచ్చేవారు, 2024 నుంచి దాన్ని విజువల్ స్టూడియో సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లు, పార్ట్‌నర్ కంపెనీలు లాంటి కొందరికే పరిమితం చేశారు. పాత వీడియోల్లో ఇంకా "ఇక్కడ నొక్కండి, ఉచితం" అని ఉంటుంది, వాటిని నమ్ముకుని టైమ్ పోగొట్టుకోవద్దు.

మీ కాలేజీ మెయిల్ మైక్రోసాఫ్ట్‌దైతే దాంతో పవర్ యాప్స్ (కోడ్ పెద్దగా రాయకుండా యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) డెవలపర్ ప్లాన్ ప్రయత్నించు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. కాలేజీవాళ్లు లాక్ చేసి ఉంటే లాబ్ ఇన్‌చార్జి సార్‌ని అడుగు, అడిగితే తెరిచేవాళ్లుంటారు. అదీ కుదరకపోతే ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్ ప్లాన్ ఒక్క యూజర్‌కి నెలకి కట్టుకుని వంతులవారీగా వాడుకోవచ్చు అనుకుంటారు, అది మాత్రం చేయొద్దు, ఒకరి లైసెన్సు ఒకరికే. అంతకంటే స్లాక్‌లో సొంత వర్క్‌స్పేస్ ఉచితంగా తెరిచి బోల్ట్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో బాట్ (మెసేజ్‌లకి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాం) రాయి. బోల్ట్ జావాస్క్రిప్ట్‌లో ఉంది, పైథాన్‌లో ఉంది, జావాలో కూడా ఉంది. లేదా నీ జీమెయిల్‌తోనే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ మొదలుపెట్టు. ఒక స్క్రిప్టు ఆరు నిమిషాలకి మించి నడవనివ్వరు, ఆ పరిమితిలో పెద్ద పనిని ముక్కలు చేయడం నేర్చుకున్నావంటే టీమ్స్ వైపు వెళ్లినా అదే పనికొస్తుంది. ఒక బాట్‌కి సందేశం ఎలా వస్తుంది, వెబ్‌హుక్ అంటే ఏమిటి, టోకెన్ ఎక్కడ దాచాలి, ఒకే సందేశం రెండుసార్లు వస్తే ఏం చేయాలి, ఇవన్నీ అన్ని చోట్లా ఇంచుమించు ఒక్కటే.

ప్రాజెక్టు ఏది చేయాలని కూడా అడిగావు. హాస్టల్ అవుట్‌పాస్ అప్రూవల్ చేయి. వార్డెన్, హెచ్‌ఓడీ, ఇంటివాళ్ల ఫోను, గడువు, తిరస్కరణ, అన్నీ అందులో ఉన్నాయి. కానీ కట్టేముందు వార్డెన్ దగ్గర ఒక సాయంత్రం కూర్చుని రిజిస్టర్ ఎలా రాస్తున్నారో చూడు. ఇంటర్వ్యూలో నీ కోడ్ కంటే ఆ సాయంత్రం నువ్వు చూసిన విషయాలే నిన్ను వేరుగా నిలబెడతాయి.

మాది రొయ్యల మేత డీలర్‌షిప్. నేను అకౌంట్స్ చూస్తాను, నాకు నేనే నేర్చుకుని పవర్ యాప్స్‌లో ఒక యాప్ చేశాను, వెనక షేర్‌పాయింట్ లిస్టు. మొదట బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు మొత్తం బస్తాల లెక్క పుస్తకంలో ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తోంది. ఎర్రర్ కూడా రావడం లేదు. మా ఓనర్‌కి నా మీద అనుమానం మొదలైంది. (కోవూరు)

మీ లెక్కలో దొంగతనం లేదు, యాప్‌లో లోపం ఏమిటో చెబుతాను, ఈ జవాబు మీ ఓనర్‌గారికి కూడా చూపించండి. పవర్ యాప్స్‌లో కొన్ని లెక్కలు షేర్‌పాయింట్ తన దగ్గరే చేసి ఇవ్వగలదు, కొన్ని ఇవ్వలేదు. మొత్తం కూడే 'సమ్' రెండో రకం. అప్పుడు యాప్ ఏం చేస్తుందంటే లిస్టులో మొదటి 500 వరుసలు తెచ్చుకుని వాటినే కూడి మీకు చూపిస్తుంది. చెరువులో ఒకసారి వల విసిరి, పడినవాటిని లెక్కపెట్టి, చెరువంతా ఇంతే అని చెప్పినట్టు. సెట్టింగుల్లో ఆ 500ని 2000 దాకా పెంచుకోవచ్చు, కానీ సీజన్‌లో రోజూ ఎంట్రీలు పడే మీలాంటి వ్యాపారానికి 2000 ఎన్నాళ్లు? మీరు యాప్ కడుతున్నప్పుడే ఆ ఫార్ములా దగ్గర ఒక హెచ్చరిక గుర్తు వచ్చి ఉంటుంది, డెలిగేషన్ హెచ్చరిక అంటారు. యాప్ నడుస్తోంది కదా అని అందరూ దాన్ని దాటేస్తారు. దయచేసి ఇకమీద ఎవరూ దాటేయకండి, ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే యాప్ కంటే తప్పు లెక్కని ధీమాగా చూపించే యాప్ చాలా ప్రమాదం.

దీనికి మందు: రోజువారీ మొత్తం ఇంకో చిన్న లిస్టులో దాచుకోవడం. రాత్రి ఒక ఫ్లో నడిచి ఆ రోజు ఎంట్రీలు కూడి, రైతువారీగా ఒక్కో వరుస రాస్తుంది. యాప్ ఆ చిన్న లిస్టునే చదువుతుంది. అయితే ఆ ఫ్లోలో 'గెట్ ఐటమ్స్' అనేది మామూలుగా 100 వరుసలే తెస్తుందని గుర్తుపెట్టుకోండి, దాని సెట్టింగుల్లో పేజినేషన్ ఆన్ చేసి సంఖ్య పెంచాలి, లేకపోతే ఒక గుంటలోంచి లేచి ఇంకో గుంటలో పడతారు.

ఇంకొకటి, ఇది మీకు త్వరలో ఎదురవుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. లిస్టు 5000 వరుసలు దాటాక కొన్ని వ్యూలు (లిస్టుని వడగట్టి చూపే పేజీలు) తెరుచుకోవు. లిస్టులో 3 కోట్ల వరుసల దాకా పడతాయి, చోటు సమస్య కాదు. ఒకేసారి 5000కి మించి వెతకమంటే షేర్‌పాయింట్ ఒప్పుకోదు, అంతే. తేదీ, రైతు కోడ్, ఈ రెండు కాలమ్స్‌కి ఇప్పుడే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టేయండి, లిస్టు బాగా పెరిగాక పెట్టడం కష్టం. ప్రతి వ్యూలో మొదటి ఫిల్టర్ ఇండెక్స్ ఉన్న కాలమ్ మీదే ఉండాలి. ఈ నెలవి, పోయిన నెలవి అని వ్యూలు విడగొట్టండి.

అకౌంట్స్ చూసే మనిషి సొంతంగా ఇంత చేశారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. లెక్క సరిదిద్దాక ఒక నెలపాటు పుస్తకాన్నీ యాప్‌నీ పక్కపక్కన పెట్టి రోజూ సరిపోల్చండి, ఓనర్‌గారి ఎదురుగానే.

నేను ఒంగోలు నుంచి పవర్ ఆటోమేట్ డెవలపర్‌గా చేస్తున్నా. జావా చేసే ఫ్రెండ్స్ "అది డ్రాగ్ అండ్ డ్రాప్, ప్రోగ్రామింగ్ కాదు" అంటారు. హైక్ కూడా వాళ్లకే ఎక్కువ. మారిపోవాలా? (ఒంగోలు, లాయర్‌పేట)

మారాలనిపిస్తే మారండి, కానీ స్నేహితుల మాటకి మారకండి. మీరు చేసేది ప్రోగ్రామింగేనా అన్న దానికి జవాబు మీరు ఎలా చేస్తున్నారన్న దాంట్లో ఉంది. మీ ఫ్లోలు మీ సొంత పేరు మీదే ఉన్నాయా? రేపు మీరు మానేసి మీ అకౌంటు మూసేస్తే ఆ కనెక్షన్లు తెగి ఫ్లోలు పడిపోతాయి, అది మీ తర్వాత వచ్చినవాడి మెడకి చుట్టుకుంటుంది. వరసగా 14 రోజులు ఫెయిలైన ఫ్లోని మైక్రోసాఫ్టే ఆపేస్తుంది. ఏం జరిగిందో చూద్దామంటే రన్ హిస్టరీ 28 రోజులే ఉంటుంది. మరి మీ దగ్గర ఫెయిలైనప్పుడు మెసేజ్ ఎవరికి వెళుతోంది? ఎర్రర్లు ఎక్కడైనా రాసి దాస్తున్నారా? డెవలప్‌మెంట్‌కి, టెస్టుకి, ప్రొడక్షన్‌కి వేరే ఎన్విరాన్‌మెంట్లు ఉన్నాయా, లేక నేరుగా ప్రొడక్షన్‌లోనే ఎడిట్ నొక్కుతున్నారా? సొల్యూషన్ అనే ప్యాకేజీలో పెట్టి ఎగుమతి చేసి, పాత వెర్షన్లన్నీ భద్రంగా ఉంచే గిట్‌లో దాచే అలవాటుందా? ఇవన్నీ ఉన్నవాడిని ఎవరూ డ్రాగ్ అండ్ డ్రాప్ మనిషి అనలేరు. ఇవి లేకపోతే జావాకి మారినా అదే జీతం దగ్గరే ఆగుతారు.

జీతం పెరగాలంటే ఒక్క మెట్టు లోపలికి దిగండి. రెడీమేడ్ కనెక్టర్ (వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపేది) లేని చోట సొంత కనెక్టర్ రాయడం, గ్రాఫ్‌ని నేరుగా పిలవడం, సర్వర్ 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు) అని తిప్పికొడితే ఎన్ని సెకన్లు ఆగమందో చదివి అంతసేపు ఆగి మళ్లీ అడగడం. ఇవి వచ్చాక మైక్రోసాఫ్ట్ పవర్ ప్లాట్‌ఫామ్ డెవలపర్లకి పెట్టే పీఎల్-400 పరీక్ష రాయండి, ముందు కాదు. పేపర్లు బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. హైక్ అడిగేటప్పుడు ఎన్ని ఫ్లోలు చేశానో కాదు, ఏ సెక్షన్‌లో ఏ పని ఎన్ని రోజుల నుంచి ఎన్ని రోజులకి తగ్గిందో, అది ఆ సెక్షన్ హెడ్ మెయిల్‌లో రాసి ఇచ్చింది పట్టుకెళ్లండి.

లేని మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉన్నట్టు రెజ్యూమేలో పెడితే షేర్‌పాయింట్ అడ్మిన్ జాబ్ గ్యారంటీ అని ఉద్యోగాలు ఇప్పిస్తామనేవాళ్లు అంటున్నారు, లక్షన్నర అడుగుతున్నారు. మా నాన్న పొగాకు అమ్మిన డబ్బులు ఇస్తానంటున్నారు. (పొదిలి)

ఇవ్వొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తారు, అక్కడ మూడేళ్లు కనపడకపోతే చేరాక అయినా తీసేస్తారు, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగానికీ వెంటొస్తుంది. అడ్మిన్ చేతిలో కంపెనీ ఫైళ్లన్నిటి తాళాలు ఉంటాయి, అబద్ధంతో ఆ కుర్చీలో కూర్చోవడం మీకూ మంచిది కాదు, వాళ్లకీ మంచిది కాదు. మీ నాన్నగారి డబ్బులు ఆయన దగ్గరే ఉండనివ్వండి. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో ప్యాటర్న్స్ అండ్ ప్రాక్టీసెస్ (పీఎన్‌పీ) బృందం వందల షేర్‌పాయింట్ నమూనాలు పెట్టింది, వాటిలో ఒకదాన్ని నడిపి, సూచనల్లో ఏదైనా పాతబడితే సరిచేసి పంపండి. తీసుకుంటే మీ పేరుతో పబ్లిక్‌గా ఉంటుంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. సపోర్టు ఉద్యోగంతో మొదలైనా పర్వాలేదు, టికెట్లు చూస్తూ అడ్మిన్ అయినవాళ్లు చాలామంది ఉన్నారు.

మా అమ్మాయి ఇంటి నుంచే అమెరికా కంపెనీకి టీమ్స్ యాప్‌ల పని చేస్తుంది. రాత్రి పదకొండింటికి కూడా మీటింగే. నిద్ర లేదు, తిండి లేదు. ఏమన్నా అంటే "క్లయింట్ నాన్నా" అంటుంది. ఇది ఇలాగే ఉంటుందా? (కందుకూరు)

అయ్యా, కొంత తప్పదు, మిగిలింది తప్పుతుంది. అమెరికా తూర్పు తీరంలో పొద్దున తొమ్మిదంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్లు గడియారం మార్చుకుంటారు, మనం మార్చుకోం. అంటే రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుంటే రెండు మూడు గంటలు ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఉన్నట్టే, చాలా పనులకి అది చాలు. మీ అమ్మాయికి ఈ మాట చెప్పండి: రోజూ పని ఆపేముందు టీమ్స్‌లో ఒక చిన్న నోట్ పెట్టమనండి. ఈరోజు ఏది అయింది, ఎక్కడ ఆగింది, ఎవరి జవాబు కోసం చూస్తోంది, అది రాకపోతే రేపు ఏది చేస్తుంది. అవతలివాళ్లు దాన్ని చదివి మనం నిద్రపోయే వేళలో జవాబిచ్చి పెడతారు. రెండు వారాలు క్రమం తప్పకుండా పెట్టాక "రాత్రి పదకొండు కాల్ వారానికి ఒక్కటి చాలదా" అని మేనేజర్‌ని అడిగితే అప్పుడు ఆ మాటకి బరువుంటుంది. నలుగురు కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ కట్టే పిల్లకి తన టీమ్‌లో ఆ పద్ధతి పెట్టడం రావాలి, వస్తుంది కూడా.

కరెంటు పోతే కాల్ తెగిపోతుందని ఆమె హడావిడి పడుతుంటే రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి కొనిపెట్టండి. రాత్రి అన్నం ఎనిమిదిలోపు పెట్టేయండి, మీటింగు మధ్యలోనైనా సరే.

అన్నా, కోపైలట్ వచ్చింది కదా, ఇక షేర్‌పాయింట్ అడ్మిన్, డెవలపర్ల పని అయిపోయినట్టేనా? (సింగరాయకొండ)

మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్, అంటే ఆఫీసు ఫైళ్లు చదివి జవాబిచ్చే ఏఐ, 2023 నవంబరు 1న పెద్ద కంపెనీలకి అందుబాటులోకి వచ్చింది. దాని తర్వాతే షేర్‌పాయింట్ పర్మిషన్ల సంగతి డైరెక్టర్ల దాకా వెళ్లింది, ఎందుకో చెబుతాను. కోపైలట్ ఎవరి పేరు మీద అడిగితే వాళ్లకి తెరిచి ఉన్న ఫైళ్ల నుంచే జవాబిస్తుంది. కొత్తగా తాళం పగలగొట్టదు. కానీ ఎప్పుడో ఎవరో హడావిడిలో జీతాల ఎక్సెల్‌ని "బయటివాళ్లు తప్ప అందరికీ" అనే గ్రూపుకి ఇచ్చేసి ఉంటారు. ఇన్నాళ్లూ ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి గొడవ లేదు. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు "మా సెక్షన్‌లో జీతాలెంత" అని మామూలుగా అడిగితే బయటికొస్తుంది. దీన్ని సరిచేయడానికి మనిషి కావాలి, అది మీరే అవ్వచ్చు.

ముందు మీ కంపెనీలో ఆ గ్రూపు ఏయే సైట్లకి ఉందో తీయండి, షేర్‌పాయింట్ అడ్వాన్స్‌డ్ మేనేజ్‌మెంట్‌లో ఇలాంటి రిపోర్టులుంటాయి, పీఎన్‌పీ పవర్‌షెల్ అనే కమాండ్లతో స్క్రిప్టు రాసీ తీయొచ్చు. 2024 సెప్టెంబరు నుంచి పీఎన్‌పీ పవర్‌షెల్‌కి మీ సొంత యాప్ రిజిస్ట్రేషన్ (మైక్రోసాఫ్ట్ లాగిన్ వ్యవస్థలో నమోదు) ఉండాలి, పాత స్క్రిప్టులు అలాగే నడపబోతే లాగిన్ దగ్గరే ఆగిపోతాయి. తర్వాత ఫైలు ఫైలుకీ వేరే పర్మిషన్ ఇచ్చే అలవాటు మాన్పించండి. ఒక లైబ్రరీలో అలాంటివి 50,000 దాకా పెట్టనిస్తారు కానీ 5,000 దాటొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, అయిదు వందలు దాటాకే ఎవరికి ఏం తెరిచి ఉందో మనిషి బుర్రకి అందదు. రహస్యమైనవి వేరే సైటులో పెట్టి సైటుకే తాళం వేయడం మేలు.

కోడ్ విషయంలో కూడా జాగ్రత్త. ఏఐని అడిగితే గ్రాఫ్ కోడ్ చకచకా రాసిస్తుంది, నడుస్తుంది కూడా. కింద ఏ పర్మిషన్ అడిగిందో చూడండి. ఒక్క సైటులో ఒక్క లిస్టు చదవడానికి మొత్తం కంపెనీ సైట్లన్నీ చదివి రాసే 'సైట్స్ డాట్ రీడ్‌రైట్ డాట్ ఆల్' అడిగి ఉంటే దాన్ని 'సైట్స్ డాట్ సెలెక్టెడ్'కి మార్చి, కావలసిన ఆ ఒక్క సైటుకే అనుమతి ఇప్పించండి. ఇది మీ సెక్యూరిటీ టీమ్ అడగకముందే చేసి, ఎందుకు మార్చారో టికెట్‌లో రెండు లైన్లు రాసి పెట్టండి.